డ్యాష్‌బోర్డులు ఉన్నాయి, అందులో అంకెలు నిజం కావు: ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనది ఇది. హైదరాబాద్ శివార్లలో రెండు ప్లాంట్లు, సుమారు 450 మంది ఉన్న ఫుడ్ కంపెనీ. పెద్దాయన పెట్టిన సంస్థను ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నారు. ఇకపై నిర్ణయాలన్నీ డేటా చూసే తీసుకోవాలని ఆయన మిమ్మల్ని ఈ పనిలో పెట్టారు. ఈఆర్పీ (స్టాకు, ఉత్పత్తి, లెక్కలన్నీ ఒకచోట నమోదయ్యే సాఫ్ట్‌వేర్) ఉంది, ఆ అంకెలను గ్రాఫులుగా చూపించే డ్యాష్‌బోర్డులు పవర్ బీఐ అనే సాఫ్ట్‌వేర్‌లో చేయించారు, ఎనిమిది నెలలు గడిచాయి. ఎవరూ తెరిచి చూడట్లేదు. స్టోర్స్ ఇంచార్జి 30వ తేదీ రాత్రి పదకొండు దాకా కూర్చుని నెల మొత్తం ఎంట్రీలు ఒక్కసారే వేస్తున్నారు. "మా పాతికేళ్ల అనుభవం ముందు ఈ గ్రాఫులెందుకు" అని సీనియర్ మేనేజర్లు ముఖం మీదే అంటున్నారు. ఏప్రిల్ నుంచి ఇంక్రిమెంట్లను ఈ అంకెలకు ముడిపెడితే అందరూ దారికొస్తారని ఎండీ గారు అనుకుంటున్నారు. అది మంచిదేనా, కాకపోతే ఏం చేయాలి అని అడిగారు.

ఇంక్రిమెంట్ల ప్రశ్నకు ముందుగా జవాబు చెప్తాను. వద్దు. ఎలాగైనా ఆపించండి. కారణం కింద రాస్తాను.

నేను ఇరవై ఆరేళ్లు డెయిరీ రంగంలో ఉన్నాను. సేకరణలో మొదలై ప్లాంటుకు వచ్చాను, చివరి తొమ్మిదేళ్లు ఇలాంటి మార్పు పనులే చేశాను. అందుకని నా ఉదాహరణలన్నీ పాల చుట్టూనే తిరుగుతాయి. మీది చిరుతిళ్ల కంపెనీ అయినా మనుషుల వ్యవహారం ఒకటే కాబట్టి పనికొస్తాయనుకుంటున్నాను.

ఒక చిల్లింగ్ సెంటర్ (సేకరించిన పాలను ప్లాంటుకు పంపేముందు చల్లబరిచి ఉంచే చోటు) నుంచి వచ్చే పాలు తరచూ పులిసి వస్తున్నాయి. ఒకే వారంలో రెండు ట్యాంకర్లు వెనక్కి పంపాల్సి వచ్చింది. లాగ్‌బుక్ తెప్పించి చూశాను. ట్యాంకులో పాల ఉష్ణోగ్రత రెండు గంటలకోసారి రాయాలి. నెల మొత్తం 4.0, 4.0, 4.0. పగలూ రాత్రీ, ఎండాకాలం, కరెంటు పోయే రోజులు, అన్నీ 4.0. కాగితం ప్రకారం ఇంత బాగా నడిచే సెంటర్ మాకు ఇంకోటి లేదు.

ఒక రాత్రి చెప్పకుండా వెళ్ళాను. డ్యూటీలో ఉన్న ఆపరేటర్‌కు యాభై ఏళ్లు ఉంటాయి. ట్యాంకు మీదున్న డయల్ థర్మామీటర్ ముల్లు నాలుగు దగ్గరే బిగుసుకుపోయి ఉంది. వేలితో కొట్టినా కదల్లేదు. "ఎన్నాళ్లైంది?" అంటే "రెండు నెలలు సార్" అన్నాడు. మరి పాలు చల్లబడ్డాయని ఎలా తెలుస్తోందంటే, ట్యాంకు ఒంటి మీద అరచెయ్యి ఆనించి చూపించాడు. తర్వాత కాసేపు నా ముఖంలోకి చూసి, చొక్కా జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీశాడు. అందులో తేదీల వారీగా రాసి ఉంది. కరెంటు పోయింది 1.40, జనరేటర్ అందుకున్నది 2.25, కంప్రెసర్‌లో శబ్దం, చెయ్యి పెడితే చల్లగా లేదు. పులిసిన రెండు ట్యాంకర్ల రాత్రులూ అందులో ఉన్నాయి. కారణం కూడా ఉంది. జనరేటర్ బ్యాటరీ బలహీనపడి వెంటనే స్టార్ట్ కావట్లేదు.

ఇదంతా లాగ్‌బుక్‌లో ఎందుకు రాయలేదని అడిగాను. రెండేళ్ల కిందట ఒకసారి 7 అని రాశాడట. తెల్లారేసరికి సంజాయిషీ అడిగారు, ఒక రోజు జీతం కోశారు. "బ్యాటరీ మాత్రం మార్చలేదు సార్" అన్నాడు.

ఆ మాట నేను ఈ రోజుకీ మర్చిపోలేదు. ఆ సంస్థలో డేటా లేక కాదు. రెండు రకాల డేటా ఉంది, ఆఫీసు కోసం రాసేది ఒకటి, జేబులో దాచుకునేది ఒకటి. మీ దగ్గరా అంతే ఉంటుందని నా నమ్మకం. మీ డ్యాష్‌బోర్డు ఆఫీసు కోసం రాసిన కాకిలెక్కలను రంగురంగుల్లో చూపిస్తోంది. సీనియర్లు దాన్ని తెరవకపోవడానికి కారణం మొండితనం కాదు. ఆ అంకెలు ఎలా పుట్టాయో వాళ్లకు మనకంటే బాగా తెలుసు.

కాబట్టి మీ అసలు పని జేబులో నోట్‌బుక్‌ను బయటికి రప్పించడం. దానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. చెడ్డ అంకె రాసినవాడికి ఏమవుతుందన్నది మారాలి. మేము చేసింది ఇంతే. మూడు నెలల పాటు చెడ్డ అంకె రాసినందుకు ఎవరినీ సంజాయిషీ అడగకూడదని మేనేజర్ల అందరి దగ్గరా మాట తీసుకున్నాం. ఖాళీ వదిలేస్తేనే అడగాలి. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది. ఎవరైనా చెడ్డ అంకె రాస్తే 48 గంటల్లోపు వాళ్లకు కంటికి కనబడేలా ఏదో ఒకటి జరగాలి. బ్యాటరీ మారాలి, లేదా ఫలానా తేదీకి మారుతుందని పైనుంచి ఫోన్ రావాలి. కొత్త థర్మామీటర్ వచ్చిన తొలి వారం అదే ఆపరేటర్ 6.5 అని రాశాడు. బ్యాటరీ రెండో రోజు మారింది. పదిహేను రోజుల్లో చుట్టుపక్కల సెంటర్ల లాగ్‌బుక్‌లలో కూడా 5లు, 6లు, 8లు కనిపించడం మొదలైంది. పై ఆఫీసులో ఒకాయన "మీరొచ్చాక క్వాలిటీ దిగజారిందే" అని కంగారు పడ్డారు. దిగజారలేదు, ఉన్నది కనబడుతోందని ఆయనకు నచ్చజెప్పడానికి నాకు నెల పట్టింది. మీకూ ఆ రోజు వస్తుంది. మీ ఎండీ గారిని ఇప్పుడే సిద్ధం చేసి ఉంచండి.

ఆయనకు చెప్పడానికి పనికొచ్చే ఉదాహరణ ఒకటి ఇస్తాను. 2006లో ఫోర్డ్ కంపెనీకి బోయింగ్ నుంచి అలన్ ములాలీ సీఈఓగా వచ్చారు. ఆ ఏడాది కంపెనీ నష్టం 1,200 కోట్ల డాలర్లకు పైనే. ప్రతి గురువారం సమీక్షలో పెద్ద అధికారులు తమ విభాగం పరిస్థితిని పచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో చూపించాలని ఆయన నియమం పెట్టారు. వారాల తరబడి అన్నీ పచ్చే. ఇంత నష్టంలో ఉన్న కంపెనీలో సమస్య ఒక్కటీ లేదా అని ఆయనే అడిగారు. చివరికి మార్క్ ఫీల్డ్స్ అనే అధికారి ఎడ్జ్ అనే కొత్త కారు వెనుక తలుపు సమస్యను ఎరుపుగా చూపించారు. ఆయన ఉద్యోగం పోయిందనే గదిలో అందరూ అనుకున్నారు. ములాలీ చప్పట్లు కొట్టి, దీనికి ఎవరు సాయం చేయగలరని అడిగారు. తర్వాతి వారాల్లో మిగతావాళ్ల చార్టుల్లోనూ రంగులు మారాయి. మీ కంపెనీలో మొదటి ఎరుపు వచ్చిన రోజు ఎండీ గారి నోట్లోంచి వచ్చే మొదటి వాక్యం ఏమిటన్నది, మీరు ఎనిమిది నెలలు చేసిన పనికంటే ఎక్కువ లెక్కలోకి వస్తుంది. ఆ వాక్యం గురించి ఆయనతో విడిగా, తీరిగ్గా కూర్చుని మాట్లాడండి.

ఇక ఇంక్రిమెంట్ల సంగతి. అమెరికాలో మాజీ సైనికుల కోసం ప్రభుత్వమే ఆసుపత్రులు నడుపుతుంది. కొత్తగా వచ్చేవాళ్లకు 14 రోజుల్లో డాక్టర్ అపాయింట్‌మెంట్ ఇవ్వాలని లక్ష్యం పెట్టి, అధికారుల పనితీరు మార్కులకు, బోనస్‌లకు దాన్ని కలిపారు. 2014లో ఫీనిక్స్ ఆసుపత్రి వ్యవహారం బయటపడింది. తనిఖీ చేసినవాళ్లు 226 మంది నమూనా తీసుకుని చూస్తే, వాళ్లు సగటున 115 రోజులు ఎదురుచూశారు. ఆసుపత్రి పైకి పంపిన లెక్కలో ఆ సగటు 24 రోజులు. సుమారు 1,700 మంది పేర్లు అసలు అధికారిక జాబితాలోకే ఎక్కలేదు. ఆ శాఖ కార్యదర్శి, అంటే మన లెక్కలో మంత్రి, రాజీనామా చేయాల్సి వచ్చింది. అక్కడ పనిచేసినవాళ్లందరూ చెడ్డవాళ్లని నేను అనుకోను. సరిపడా డాక్టర్లు లేకుండా అంకె మాత్రం కావాలంటే, అంకెను మసిపూసి మారేడుకాయ చేయడం తప్ప మధ్యలో ఉన్నవాళ్లకు వేరే దారి ఉండదు.

మీ దగ్గర ఎంట్రీలే ఇంకా నిజం కాదు. అలాంటి అంకెకు జీతం ముడిపెడితే అది శాశ్వతంగా అబద్ధమైపోతుంది. ఆ తర్వాత దాన్ని బాగుచేయడం ఎవరి తరమూ కాదు. కనీసం రెండేళ్లు ఆగమనండి. ఆ తర్వాత కూడా ఒక్క మనిషి చేతిలో పూర్తిగా ఉన్న అంకెకే ముడిపెట్టమనండి.

తర్వాత చూడాల్సింది కొలతల నిర్వచనం. ఇది చాలామందికి చిన్న విషయంలా అనిపిస్తుంది. నా అనుభవంలో సగం గొడవలు ఇక్కడే పుట్టాయి. ఒక డెయిరీలో సేకరణ విభాగానికీ ప్లాంటుకూ రోజూ తగాదా. మేము ఇంత పంపాం, మీరు ఇంతే చూపిస్తున్నారు అని. చిల్లింగ్ సెంటర్‌లో ట్యాంకులో కొలకర్ర ముంచి, చార్టు చూసి లీటర్లలో రాస్తారు. ప్లాంటులో ట్యాంకర్‌లోంచి దించే పాలను మీటర్‌తో లీటర్లలోనే కొలిచి, షీట్‌లో కిలోలుగా మారుస్తారు. పాలు నీళ్లకంటే కొంచెం బరువు. అందుకని లీటర్లను 1.03తో హెచ్చవేసి కిలోలు చేయడం వాడుక. ఇద్దరి రిజిస్టర్లూ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంటే తేలిందేమిటంటే, సేకరణవాళ్లు 1.03 వాడుతున్నారు, ప్లాంటు షీట్‌లో ఎవరో ఎప్పుడో 1.028 పెట్టారు. 10,000 లీటర్ల ట్యాంకర్‌కు 20 కిలోల తేడా. రోజుకు పన్నెండు ట్యాంకర్లు. అంటే రోజూ 240 కిలోల పాలు ఎక్కడా ఒలక్కుండానే కాగితం మీద మాయమవుతున్నాయి. ఏడాదికి పైగా ట్యాంకర్ డ్రైవర్లను దొంగలుగా చూశారు. ఒకతన్ని మాన్పించేశారు కూడా. తర్వాత అతన్ని పిలిపించి మాట్లాడాం గానీ, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మీ కంపెనీలో ఒక పని చేయండి. ప్రొడక్షన్, ప్యాకింగ్, అకౌంట్స్ వాళ్లను విడివిడిగా "వేస్టేజ్ అంటే ఏమిటి" అని అడిగి, వాళ్ల మాటల్లోనే రాసుకోండి. మూడు జవాబులు వస్తాయి. ఒకరు నూనెలోంచి తీసేటప్పుడు విరిగిన సరుకు అంటారు, ఒకరు చిరిగిన ప్యాకెట్లు అంటారు, ఒకరు మార్కెట్ నుంచి వెనక్కొచ్చిన సరుకు కూడా కలుపుతారు. "ఈ రోజు ఉత్పత్తి" అన్నది కూడా అంతే. ఫ్రయర్ దగ్గర లెక్కా, ప్యాకింగ్ దగ్గరా, గోడౌన్‌లోకి చేరాకా? ఈ ముగ్గురినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి ఒక్క నిర్వచనం ఒప్పించి, తెలుగులో ఒక పేజీ మీద రాసి గోడకు అంటించండి. డ్యాష్‌బోర్డుల్లో సగం తీసేయాల్సి రావచ్చు. తీసేయండి.

సీనియర్ల గురించి. వాళ్లతో "అనుభవమా, డేటానా" అనే వాదనలోకి దిగకండి. ఒకసారి దిగితే తిరిగి రాలేరు. ఒక ప్లాంటులో టోన్డ్ మిల్క్ చేసేవాళ్లు. చట్టం ప్రకారం అందులో వెన్న కనీసం 3 శాతం, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థాలు) 8.5 శాతం ఉండాలి. అక్కడి ప్రొడక్షన్ పెద్దాయన ఎప్పుడూ 3.1 పెట్టేవారు. రోజుకు లక్ష లీటర్ల మీద ఆ 0.1 అంటే 103 కిలోల వెన్న ఊరికే ప్యాకెట్లలో పోతున్నట్టు. ఎక్సెల్ పట్టుకుని వెళ్లిన కుర్రాడొకడు మీటింగ్‌లో అందరి ముందూ ఆయనకు ఈ లెక్క చూపించాడు. ఆయన లేచి వెళ్లిపోయారు.

మర్నాడు నేను ఆయన దగ్గరికి వెళ్లి అడిగాను: "3.1 ఎందుకు పెడుతున్నారండీ?" జవాబు సూటిగా వచ్చింది. ఫుడ్ ఇన్‌స్పెక్టర్ మార్కెట్‌లో శాంపిల్ తీస్తే 2.95 వచ్చిందనుకోండి, కేసు ఆయన మీద. తమ టెస్టింగ్ మీద ఆయనకే నమ్మకం లేదు, అందుకని జాగ్రత్త కోసం ఆ 0.1. అది అనుభవం చెప్పిన మాట, నూటికి నూరుపాళ్లూ సరైన మాట. అప్పుడు ఆయన్నే అడిగి, మూడు వారాల పాటు ప్రతి బ్యాచ్‌నూ రెండుసార్లు టెస్ట్ చేయించాం. ఒకే ట్యాంకులో పాలకు వేర్వేరు అంకెలు వస్తున్నాయి. ట్యాంకులో పాలు బాగా కలియకముందే రాత్రి షిఫ్ట్‌లో శాంపిల్ తీసేస్తున్నారని ఆయనే పట్టుకున్నారు. కలియబెట్టే సమయం ఖాయం చేశారు, టెస్టింగ్ మెషిన్‌ను రోజూ సరిచూడటం మొదలుపెట్టారు. అంకెలు దగ్గరపడ్డాక "ఇప్పుడు 3.05 పెట్టొచ్చు" అని ఆయనంతట ఆయనే అన్నారు. రోజుకు యాభై కిలోల పైచిలుకు వెన్న మిగిలింది. ఆ తర్వాత గ్రాఫుల గురించి ఆ ప్లాంటులో నేను ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు, ఆయనే చెప్పేవారు.

మీరూ అలాంటి ఒకరిని ఎంచుకోండి. అందరూ మాట వినే మనిషి, మీతో గట్టిగా విభేదించే మనిషి అయితే ఇంకా మంచిది. ఆయన్ని రోజూ వేధించే సమస్య ఏదో అడగండి. మీ సమస్య కాదు, ఆయనది. అంకె చూపించే ముందు ఆయన అంచనా అడగండి, ఇద్దరే ఉన్నప్పుడు. అంచనా సరిపోతే ఆయనకు గౌరవం, సరిపోకపోతే ఆయనకే ఆసక్తి పుడుతుంది.

రోజువారీ హెచ్చుతగ్గులకు కంగారు పడే అలవాటు కూడా మానిపించాలి. నిన్న వేస్టేజ్ 2.1, ఈ రోజు 2.4, వెంటనే ఫోన్ చేసి ఎందుకని అడుగుతారు. రేపు 2.0 వస్తుంది, అరిచాం కాబట్టి తగ్గిందనుకుంటారు. అమెరికాలో టెలిఫోన్ పరికరాలు చేసే వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ కోసం వాల్టర్ షూహార్ట్ 1924లో గీసిన చార్టు ఈ జబ్బుకు మందు. పాతిక రోజుల అంకెలు వరసగా పెట్టి సగటు గీత గీయండి. మామూలుగా అంకెలు ఎంత పైకీ కిందికీ తిరుగుతాయో లెక్కకట్టి దానికి రెండు హద్దు గీతలు గీయండి. హద్దుల మధ్య తిరిగేదానికి మనిషిని అడగడం అనవసరం, అది పద్ధతిలోనే ఉన్న హెచ్చుతగ్గు. హద్దు దాటిన రోజే "ఏం జరిగింది" అని అడగాలి. షూహార్ట్ దారిలో నడిచిన డెమింగ్ మేనేజర్లకు చెప్పిన 14 సూత్రాల్లో ఎనిమిదోది, పనిచేసే చోటు నుంచి భయాన్ని తరిమేయమని. లెక్కల మనిషి అయిన ఆయన అంత గట్టిగా ఆ మాట ఎందుకన్నారో ఆ లాగ్‌బుక్ చూశాకే నాకు అర్థమైంది.

ఎవరికి ఏ అంకె చూపించాలన్నదానికి మన ఆర్టీసీ డిపోలను చూడమంటాను. అక్కడ డ్రైవర్ వారీగా కేఎంపీఎల్ లెక్క కడతారు, లీటరు డీజిల్‌కు ఎన్ని కిలోమీటర్లు నడిపారని. 300 కిలోమీటర్ల సర్వీసులో 5.0 తెచ్చే డ్రైవర్‌కు 60 లీటర్లు పడితే, 5.2 తెచ్చే ఆయనకు రెండు లీటర్లకు పైగా తక్కువ పడుతుంది. క్లచ్ మీద కాలు, బ్రేకు వేసే తీరు, గేరు మార్చే సమయం, చాలావరకు ఆయన చేతిలో ఉన్నవే. పాత డ్రైవర్లను కదిపితే తమ కేఎంపీఎల్ దశాంశంతో సహా చెప్తారు. సంస్థ మొత్తం నష్టమెంతో ఆయనకు రోజూ చూపిస్తే ఏం చేస్తాడు? మీ ప్యాకింగ్ లైన్ మీదున్న అమ్మాయికి కంపెనీ లాభాల గ్రాఫు అక్కర్లేదు. తన లైన్‌లో ఈ గంటలో ఎన్ని ప్యాకెట్లు సీల్ సరిగా పడక పక్కన పెట్టారో చాక్‌పీసుతో బోర్డు మీద రాసుకుంటే చాలు. నిజంగా చాక్‌పీసే. తను రాసిన అంకెను మనిషి కాపాడుకుంటాడు.

ఎండీ గారు ఎన్నాళ్లు పడుతుందని అడుగుతారు. ఒక లైన్, ఒక షిఫ్ట్, ఒక సమస్యతో మొదలుపెడితే మూడు నెలల్లో మొదటి ఫలితం చూపించవచ్చు. రెండు ప్లాంట్లలో అలవాటుగా మారడానికి ఏడాదిన్నర, రెండేళ్లు. అంతకంటే తక్కువకు నేనెప్పుడూ చూడలేదు.

చివరగా మీ స్టోర్స్ ఇంచార్జి. ఆయన మీద మీ రాతలో కొంచెం కోపం కనిపించింది. ఒకే సరుకు లెక్కను ఆయన ఎన్ని చోట్ల రాస్తున్నారో ముందు లెక్కపెట్టండి. గేట్ రిజిస్టర్, స్టాక్ బుక్, ఈఆర్పీ, అకౌంట్స్‌కు మెయిల్, ఎండీ గారికి వాట్సాప్, నాలుగైదు చోట్లు తేలుతాయి. అందులో రెండు తీసేయించకుండా ఆయన్ని రోజూ ఎంట్రీ వేయమనడం న్యాయం కాదు. ఈ నెల 30వ తేదీ రాత్రి ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. ల్యాప్‌టాప్ తీసుకెళ్లకండి, టీ తీసుకెళ్లండి. నెల మొత్తం ఎంట్రీలు జ్ఞాపకం మీద ఎవరూ వేయలేరు. బల్ల సొరుగులో ఆయన సొంతంగా రాసుకునే నోట్‌బుక్ ఒకటి తప్పకుండా ఉంటుంది. ఏ సరుకు ఎప్పుడు తక్కువొచ్చింది, ఏ సప్లయర్ తూకంలో తేడా ఉంది, అన్నీ అందులో ఉంటాయి. చూపించమని అడగండి. ఇష్టపడకపోతే బలవంతం చేయొద్దు. వచ్చే 30కి మళ్లీ వెళ్లండి.